ముప్పై సెకన్ల ఫైనల్



బ్రిటన్‌లో చానల్ 4 అనే టీవీ చానల్ 1982 నవంబరు 2న సాయంత్రం పావు తక్కువ ఐదుకు ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ చానల్లో జనం చూసిన మొట్టమొదటి కార్యక్రమం ఒక ఆట. ఇద్దరు పోటీదారులు, ఒక పెద్ద గడియారం, కొన్ని అక్షరాల పలకలు, కొన్ని సంఖ్యల పలకలు. ఆ ఆట పేరు కౌంట్‌డౌన్. నలభై ఏళ్లు దాటాయి, ఇంకా వస్తూనే ఉంది. ఈ ఆట ఫైనల్ గురించి ఇవాళ మీతో మాట్లాడాలని ఉంది. నేను చూసిన టీవీ పోటీలన్నిటిలోకీ దీనికి నా మనసులో ఉన్న స్థానం వేరు. ఎందుకో చెబుతాను.

ఆట పుట్టిల్లు ఫ్రాన్స్. అర్మాన్ జమ్మో అనే ఆయన 1965లో అక్కడి టీవీ కోసం పొడవైన మాటలు వెతికే ఆట ఒకటి తయారుచేశాడు. 1972లో దానికి లెక్కలు కూడా తోడై, 'దే షిఫ్ర్ ఎ దే లెత్ర్', అంటే అంకెలూ అక్షరాలూ, అన్న పేరుతో స్థిరపడింది. బెల్జియంలో పుట్టి లండన్‌లో గ్రామఫోన్ రికార్డుల కంపెనీలో పనిచేసిన మార్సెల్ స్టెల్‌మన్‌కి అది నచ్చి బ్రిటన్‌కు తెచ్చాడు. లీడ్స్ నగరంలోని యార్క్‌షైర్ టెలివిజన్ వాళ్లు దాన్ని నిర్మించారు. ప్రాంతీయ వార్తలు చదివే రిచర్డ్ వైట్‌లీని ఆట నడిపే పెద్దగా కూర్చోబెట్టారు. సంఖ్యల పలకల దగ్గర కరోల్ వోర్డర్‌మన్ నిలబడింది. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. పోటీదారులిద్దరూ చేతులెత్తేసిన లెక్కను ఆమె బోర్డు మీద చకచకా చేసి చూపిస్తుంటే, లెక్కలంటే భయపడే ఆడపిల్లలు ఎందరికో ధైర్యం వచ్చి ఉంటుందని నా నమ్మకం. 2009 నుంచి ఆ చోటు ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివిన రేచల్ రైలీది. నిఘంటువు ముందు కూర్చుని, చెప్పిన మాట చెల్లుతుందో లేదో తేల్చేది సూజీ డెంట్. 1992 నుంచి ఆవిడ ఆ పని చేస్తోంది.

ఇక ఆట. ఇప్పుడు అమల్లో ఉన్న పద్ధతిలో మొత్తం పదిహేను రౌండ్లు. పది అక్షరాలవి, నాలుగు సంఖ్యలవి, చివరిది కనండ్రమ్.

అక్షరాల రౌండులో పోటీదారు అచ్చు కావాలో హల్లు కావాలో అడుగుతాడు. ఏ అక్షరం వస్తుందన్నది అతని చేతిలో లేదు, పైనున్న పలక ఏదైతే అదే. అలా తొమ్మిది అక్షరాలు పడగానే గడియారం కదులుతుంది. ముప్పై సెకన్లు. అలన్ హాక్‌షా కట్టిన ఒక చిన్న బాణీ ఆ ముప్పై సెకన్లూ వెనక మోగుతుంది. బ్రిటన్‌లో ఆ బాణీ తెలియని ఇల్లుండదు. బాణీ ఆగేసరికి ఆ తొమ్మిది అక్షరాల్లోంచి ఎంత పొడవైన మాట దొరికిందో చెప్పాలి. ఎన్ని అక్షరాల మాటయితే అన్ని పాయింట్లు. తొమ్మిదీ వాడేస్తే మాత్రం తొమ్మిది కాదు, పద్దెనిమిది. ఇద్దరిలో పొడవైన మాట చెప్పినవాడికే పాయింట్లు. సమానమైతే ఇద్దరికీ.

వినడానికి తేలిగ్గా ఉంది కదా. ఒక ఉదాహరణ చెబుతాను, రాసుకోండి. టి, ఆర్, ఏ, ఐ, ఎన్, ఇ, ఎస్, డి, ఓ. ఇంగ్లీషు కాస్త వచ్చిన వాళ్లకెవరికైనా 'ట్రెయిన్' కనిపిస్తుంది. దాని చివర రెండు చేర్చి 'ట్రెయిన్డ్' చేస్తే ఏడు అక్షరాలు. కొంచెం అలవాటున్నవాడు ముందు ఎస్ పెట్టి 'స్ట్రెయిన్డ్' అంటాడు, ఎనిమిది. ఇంకొకడికి 'ఆస్టరాయిడ్' దొరుకుతుంది, సూర్యుడి చుట్టూ తిరిగే ఆ రాతిగుండ్లు. అదీ ఎనిమిదే. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు మంచి ఆటగాళ్లు. ఫైనల్ దాకా వచ్చేవాడు ఇక్కడ ఆగడు. గ్రాఫు కాగితం మీద నిలువు దూరాన్ని చెప్పే 'ఆర్డినేట్' గుర్తొస్తుంది అతనికి. చివర ఎస్ తగిలిస్తే తొమ్మిదీ సరిపోయాయి. పద్దెనిమిది పాయింట్లు.

ఇలాంటివి అప్పటికప్పుడు మెరుపులా తడతాయని చాలామంది అనుకుంటారు. తడతాయి, కానీ ఆ మెరుపు వెనక నెలల తరబడి చేసిన సాధన ఉంటుంది. గట్టి ఆటగాళ్లు ఎక్కువసార్లు పడే అక్షరాల గుంపుల్ని ముందే పట్టుకుని కూర్చుంటారు. ఆర్, ఇ, టి, ఏ, ఐ, ఎన్, ఎస్ అనే ఏడు అక్షరాలు కలిసి కనబడితే చాలు, 'రిటెయిన్స్', 'నాస్టియర్', 'రెటినాస్', అన్నీ ఒక్కసారిగా వరసకట్టి వస్తాయి వాళ్లకి. అర్థం తెలియకుండా మాటలు బట్టీ పట్టడం ఏం గొప్ప అని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒక భాష తన మాటల్ని ఎలా అల్లుకుంటుందో, ఏ అక్షరం పక్కన ఏది ఒదుగుతుందో వేళ్లకు తెలిసేంతగా సాధన చేసినవాడు ఆ భాషను ప్రేమించినవాడే.

ఫైనల్లో అసలు పరీక్ష మాట దొరకడం కాదు. దొరికిన మాటను చెప్పాలా వద్దా అన్నది. పోటీదారులు ముందు పొడవు మాత్రమే చెబుతారు. మొదటివాడు 'ఎనిమిది' అన్నాడు. రెండోవాడి కాగితం మీద ఖాయంగా చెల్లే ఎనిమిదక్షరాల మాటొకటి ఉంది, నిఘంటువులో ఉందో లేదో తెలియని తొమ్మిదక్షరాల మాట ఇంకొకటి ఉంది. ఎనిమిది అంటే ఇద్దరి స్కోర్ల మధ్య తేడా ఉన్నచోటే ఉంటుంది. తొమ్మిది అని, అది చెల్లితే పద్దెనిమిది. చెల్లకపోతే సున్నా, పైగా ఎదుటివాడికి ఎనిమిది వెళ్తాయి. అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు, లైఫ్‌లైన్లూ లేవు. ఆలోచించుకోవడానికి ఊపిరి తీసుకునేంత వ్యవధి. ఇలాంటి నిర్ణయాలు ఒక ఫైనల్లో నాలుగైదు సార్లు ఎదురవుతాయి. ఫైనల్ గెలిచినవాణ్ని చూసి ఎక్కువ మాటలు తెలిసినవాడు గెలిచాడనుకుంటాం. తనకు ఏది నిజంగా తెలుసో, ఏది తెలిసినట్టు అనిపిస్తోందో విడదీసుకోగలిగినవాడు గెలిచాడు అనడం సరైనది.

ఫైనల్‌కు రావడమే ఒక ప్రయాణం. గెలిచినవాడు మర్నాడు కొత్త పోటీదారుతో మళ్లీ ఆడతాడు. అలా వరసగా ఎనిమిది ఆటలు గెలిస్తే ఇక అతన్ని ఆపి, 'ఆక్టోచాంప్' అని గౌరవంగా పంపిస్తారు. సిరీస్ చివర్లో ఎక్కువ గెలుపులు, ఎక్కువ పాయింట్లు ఉన్న ఎనిమిదిమందిని మళ్లీ పిలుస్తారు. క్వార్టర్ ఫైనల్స్, సెమీస్, ఆపైన ఫైనల్. చాలా ఏళ్లపాటు ఈ ఫైనల్స్ జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చేవి.

మొట్టమొదటి సిరీస్ గెలిచింది జాయిస్ కాన్స్‌ఫీల్డ్. పత్రికలకు గళ్లనుడికట్లు కూర్చే ఆవిడ. 2002లో జూలియన్ ఫెల్ ఒకే ఆటలో 146 పాయింట్లు తెచ్చి అప్పటిదాకా ఉన్న రికార్డును దాటాడు. 2005లో ఎనిమిదేళ్ల పిల్లవాడు వచ్చి పెద్దవాళ్ల మీద రెండు ఆటలు గెలిచి వెళ్లాడు. 2006లో ఉత్తర ఐర్లండ్ కుర్రవాడు కోనర్ ట్రావర్స్ పద్నాలుగేళ్ల వయసులో సిరీస్ చాంపియన్ అయ్యాడు. ఏడేళ్ల తర్వాత, 2013లో, ఈ కార్యక్రమానికి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా పాత హేమాహేమీలందర్నీ పిలిచి పెట్టిన పోటీలో కూడా అతనే నెగ్గాడు. గృహిణులు, విద్యార్థులు, రిటైరైనవాళ్లు ఒకే బల్ల దగ్గర సమానంగా కూర్చునే పోటీ ఇది.

గెలిస్తే ఏమిస్తారు? ఒక ఆట గెలిస్తే టీపాట్ ఇస్తారు. అవును, టీ పోసుకునే పాత్రే, గడియారం బొమ్మతో. డబ్బిచ్చి కొనుక్కోవడానికి దొరకదు, ఆడి గెలుచుకోవాల్సిందే. సిరీస్ చాంపియన్‌కి చాలా కాలం ఇరవై సంపుటాల ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు, తోలు అట్టలతో, బహుమతిగా ఇచ్చేవారు. జంతువుల నుంచి వచ్చే వస్తువేదీ ముట్టని ఒక చాంపియన్ తోలు అట్టలు వద్దని, అదే నిఘంటువును సీడీ రూపంలో తీసుకున్నాడు. 2005 జూన్‌లో రిచర్డ్ వైట్‌లీ కన్నుమూశాక ఆయన పేరిట ఒక ట్రోఫీ పెట్టారు. చాంపియన్‌కి అది దక్కుతుంది. డబ్బు ఊసు లేదు.

ఇదే బ్రిటన్ నుంచి 1998లో ఇంకో క్విజ్ పుట్టింది. అది దేశదేశాలకూ పాకి, హిందీలో కౌన్ బనేగా కరోడ్‌పతి అయి, 2014లో నాగార్జున గారితో మీలో ఎవరు కోటీశ్వరుడు అయి మన ఇళ్లలోకీ వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఆ కుర్చీలో కూర్చున్న మామూలు మనిషి కష్టం విని మనం కళ్లు తుడుచుకున్నాం, అతను గెలిస్తే పొంగిపోయాం. కానీ అక్కడ సమాధానం తెలిసి ఉండాలి. తెలియకపోతే చూస్తున్న మనకు చేసేదేమీ లేదు, నోరు తెరుచుకుని వినడమే. కౌంట్‌డౌన్ అక్షరాల రౌండులో దాచిపెట్టిన సమాధానమంటూ ఏదీ లేదు. అక్షరాలు ఫైనలిస్టుకు ఎప్పుడు పడ్డాయో ఇంట్లో కూర్చున్న ముసలమ్మకూ అప్పుడే పడ్డాయి. అతనికున్న ముప్పై సెకన్లే ఆవిడకీ ఉన్నాయి. ఫైనలిస్టు ఏడు దగ్గర ఆగిపోయిన చోట ఆవిడకు ఎనిమిది తట్టవచ్చు, ఆ రౌండు ఆవిడదే. పక్కింట్లో ఎవరికీ తెలియకపోవచ్చుగాక, గెలుపు గెలుపే. చాంపియన్‌షిప్ ఫైనల్లో చాంపియన్లతో పాటు ఇన్ని లక్షలమంది అదే ప్రశ్న మీద, అదే వ్యవధిలో కుస్తీ పట్టే పోటీ మరొకటి నాకు తెలియదు. నా గౌరవమంతా దీనికి.

సంఖ్యల రౌండు దగ్గరికి వస్తాను. ఈ ఆట అందమంతా అక్కడ గూడు కట్టుకుందంటాను. పెద్ద సంఖ్యలు నాలుగు: 25, 50, 75, 100. చిన్నవి 1 నుంచి 10 దాకా, ఒక్కొక్కటి రెండేసి. పోటీదారు పెద్దవి ఎన్ని కావాలో, చిన్నవి ఎన్ని కావాలో చెబుతాడు, మొత్తం ఆరు పలకలు. అప్పుడు సెసిల్ అనే యంత్రం ఒక మూడంకెల సంఖ్యను చూపిస్తుంది. ఆ ఆరింటిలో కావలసినవాటిని కూడి, తీసి, గుణించి, భాగించి ఆ సంఖ్యను చేరాలి. ఏ పలకనైనా ఒక్కసారే వాడాలి. మధ్యలో ఎక్కడా భిన్నం రాకూడదు. సరిగ్గా చేరితే పది పాయింట్లు, అయిదు లోపు తేడా ఉంటే ఏడు, పది లోపు తేడా ఉంటే అయిదు.

1997లో జేమ్స్ మార్టిన్ అనే పోటీదారుకు పడిన సంఖ్యలివి: 25, 50, 75, 100, 3, 6. చేరాల్సింది 952. మామూలుగా మనం ఎలా వెళ్తాం? వంద దగ్గర మొదలుపెట్టి తొమ్మిదివందలు చేద్దామని చూస్తాం. అతను ఏం చెప్పాడో వినండి. వందకు ఆరు కలిపితే 106. దాన్ని మూడుతో గుణిస్తే 318. దాన్ని 75తో గుణిస్తే... ఇక్కడికొచ్చేసరికి స్టూడియోలో నవ్వులు. మూడంకెల లక్ష్యానికి బయల్దేరినవాడు ఇరవై మూడు వేలకు ఎక్కి కూర్చున్నాడు. 23,850. అందులోంచి 50 తీసేస్తే 23,800. దాన్ని 25తో భాగిస్తే 952. ఆ నవ్వులు చప్పట్లయ్యాయి.

ముప్పై సెకన్లలో 318ని 75తో గుణించడం గొప్పే. కానీ అసలు గొప్పతనం అది కాదు. ఒకసారి వెనక్కి నడిచి చూడండి. 106ను 9తో గుణిస్తే 954. అందులోంచి రెండు తీస్తే 952. అంటే అతనికి 106, ఒక 3 చేతిలో ఉన్నాయి, ఇంకో 3, ఒక 2 కావాలి. మిగిలినవేమో 75, 50, 25. 75ను 25తో భాగిస్తే 3. 50ని 25తో భాగిస్తే 2. కావలసిన రెండూ అక్కడే ఉన్నాయి, కానీ 25 పలక ఒక్కటే. ఒకే పలకతో రెండుసార్లు భాగించడం ఎలా? భాగహారాన్ని చివరిదాకా వాయిదా వేశాడు. ముందు 75తో గుణించి, 50 తీసేసి, మొత్తాన్నీ ఒకేసారి 25తో భాగించాడు. బడిలో మనం చదివిన విభాగ న్యాయం అదే. పరీక్షలో రెండు మార్కుల కోసం రాసి మరిచిపోయిన సూత్రం గడియారం ముందు ఇలా ప్రాణం పోసుకుని లేచి నిలబడితే, లెక్కల మాస్టార్లు ఆ ముక్కను తరగతిలో చెప్పి తీరాలనిపిస్తుంది నాకు.

ఇక కనండ్రమ్. తొమ్మిదక్షరాల మాటను కలగలిపి బోర్డు మీద పెడతారు. ఇక్కడ కాగితం లేదు. ముందు బజర్ నొక్కినవాడిది మాట. చెప్పింది తప్పయితే అతనికి మళ్లీ అవకాశం లేదు, మిగిలిన సమయమంతా ఎదుటివాడిదే. ఒప్పయితే పది పాయింట్లు. దీన్ని కూర్చేవాళ్ల కష్టం ఒకటి చెప్పాలి. ఆ అక్షరాలకు ఒకే ఒక్క సమాధానం ఉండాలి. 'ఎడ్యుకేషన్' అన్న మాట తీసుకోండి, తొమ్మిదక్షరాలు. అవే తొమ్మిదింటినీ అటూ ఇటూ మారిస్తే వేలం వేశారని చెప్పే 'ఆక్షన్డ్' వస్తుంది, హెచ్చరించారని చెప్పే 'కాషన్డ్' కూడా వస్తుంది. అందుకని ఆ మాట పనికిరాదు.

ఫైనల్లో పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ఇద్దరి మధ్య తేడా పది లోపు ఉంటే, ఆ కనండ్రమ్ మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆర్నెల్ల సిరీస్, ఎనిమిది గెలుపులు, క్వార్టర్లు, సెమీలు, అన్నీ కలిసి ఒక్క మాట దగ్గరకొచ్చి ఆగుతాయి. ముందున్నవాడికి తొందరపడే అవసరం లేదు. వెనకున్నవాడు మాత్రం నొక్కాలి, అదీ ముందు నొక్కాలి. మాట సగమే కనిపించి వేలు బజర్ మీదకు వెళ్లిపోతుంది. మిగతా సగం నోరు తెరిచేలోగా దొరకాలి. పాయింట్లు సమానమైతే ఇంకో కనండ్రమ్, అదీ తేలకపోతే మరొకటి. అలాంటి చోట ఓడినవాడు లేచి గెలిచినవాడి చెయ్యి పట్టుకుని ఊపుతుంటే చూశాను. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే అలసట. డబ్బు చేతులు మారే చోట అలాంటి ముఖాలు కనబడవు.

మనవాళ్లకు ఇలాంటి సభారంజకమైన మేధోవినోదం కొత్తేమీ కాదు. అష్టావధానంలో వ్యస్తాక్షరి ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలను పృచ్ఛకుడు వరస తప్పించి, ఫలానా స్థానంలో ఫలానా అక్షరం అని మధ్యమధ్యలో అందిస్తుంటాడు. అవధాని పద్యాలు చెబుతూనే ఆ ముక్కల్ని మనసులో సర్దుకుని చివర వాక్యాన్ని అప్పజెబుతాడు. కాగితం లేదు, పెన్సిలు లేదు. తేడా ఏమిటంటే అక్కడ సభ మొత్తం అవధానిని చూసి ఆశ్చర్యపడుతుంది. ఇక్కడ సభ మొత్తం తానూ ఆడుతుంది. అక్షరాల రౌండును తెలుగులో ఆడించడం అంత సులువు కాదు. పలక మీద 'క' రాసి వదిలేయాలా, గుణింతాలకు వేరే పలకలు పెట్టాలా, వత్తుల్ని ఏం చెయ్యాలి? ఎవరైనా భాష తెలిసినవాళ్లు కూర్చుని ఆలోచిస్తే దారి దొరుకుతుంది, దొరకాలని నా కోరిక. సంఖ్యలకు మాత్రం ఏ భాషా అడ్డం రాదు. పలకలు కూడా అక్కర్లేదు, అట్టముక్కలు చాలు. ఈ సాయంత్రమే పిల్లలతో మొదలుపెట్టవచ్చు.

మొదటి లెక్క నేనే ఇస్తాను. 75, 50, 2, 3, 7, 8. చేరాల్సింది 812. నాలుగు పలకలతో ఒక దారి ఉంది. ఆరు పలకలూ వాడితే ఇంకొకటి ఉంది. మీ గడియారంలో ముప్పై సెకన్లు, ఇప్పటినుంచే.